ఒక పిడి, పది బిట్లు: ఎలక్ట్రికల్ పనికి ఏ స్క్రూడ్రైవర్ కొనాలి?

మన ట్రస్టు ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు ఇచ్చే సాయంలో ఫీజుతో పాటు పనిముట్ల ఖర్చు కూడా ఒక పద్దు. ఆ బిల్లులు సరిచూసే పని కొంతకాలంగా నా వంతుకు వచ్చింది. ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరిన పిల్లల బిల్లులలో మల్టీ బిట్ స్క్రూడ్రైవర్ సెట్టు తరచుగా కనబడుతోంది. ఒకే పిడి, దానికి మార్చి మార్చి తగిలించుకునే పదో ఇరవయ్యో బిట్లు, చూడముచ్చటైన ప్లాస్టిక్ డబ్బా. ఇంటర్వ్యూకు వచ్చిన ఒక తండ్రి నన్ను సూటిగానే అడిగారు: “ఒక్క డబ్బాలో ముప్పై రకాలు వస్తుంటే విడివిడిగా మూడు కొనమంటారేంటి సార్?”

ఆ ప్రశ్న న్యాయమైనదే. రెక్కల కష్టం మీద పిల్లవాణ్ణి చదివించే మనిషి ప్రతి రూపాయికీ లెక్క అడగాలి. నేను ఎలక్ట్రీషియన్‌ను కాను, కామర్స్ చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి గనుక అనుభవం ఉన్న పనివాళ్లను అడిగి, దుకాణాలలో వస్తువులను చేత్తో పట్టుకుని చూసి తెలుసుకున్న సంగతులను నాకు అలవాటైన జమాఖర్చుల పద్ధతిలో ఇక్కడ పెడుతున్నాను.

ముందు పేర్లు తెలుసుకుందాం

మనవాళ్లు స్థిరపడిన ఊళ్లలో ఈ పనిముట్టును ఒక్కోచోట ఒక్కో పేరుతో పిలుస్తారు. తమిళనాట తిరుప్పుళి అంటారు. హిందీ వాడే అంగళ్లలో పేచ్‌కస్ అంటే ఇస్తారు. మొన రకాల పేర్లు మాత్రం అన్నిచోట్లా దాదాపు ఒకటే. ఒకే గాటు ఉన్న స్క్రూకు వాడేది మైనస్ లేక ఫ్లాట్. కూడిక గుర్తు ఆకారం ఉన్నది ప్లస్ లేక స్టార్. దీని అసలు పేరు ఫిలిప్స్. అమెరికాకు చెందిన హెన్రీ ఫిలిప్స్ 1930లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు.

ప్లస్ లాగానే కనబడే మరో రకం పోజిడ్రైవ్. స్క్రూ తల మీద కూడిక గుర్తు మధ్యలో మరో నాలుగు సన్నని గీతలు కనబడితే అది పోజిడ్రైవ్ అని గుర్తు. ఎంసీబీల టెర్మినళ్లలో ఈ రకం, లేదా మైనస్, పోజిడ్రైవ్ రెండూ కలిసిన రకం ఎక్కువగా ఉంటుంది. వీటికి మామూలు ప్లస్ మొన పెట్టి గట్టిగా తిప్పితే జారిపోయి స్క్రూ తల అరిగిపోతుంది. సైజు అంకె కూడా చూసుకోవాలి. ఫిలిప్స్‌కు పీహెచ్1, పీహెచ్2 అనీ, పోజిడ్రైవ్‌కు పీజెడ్1, పీజెడ్2 అనీ మొన దగ్గర గానీ పిడి మీద గానీ రాసి ఉంటుంది.

అంగట్లో దొరికే రకాలు

మల్టీ బిట్ అనే పేరుతో అమ్మే వాటిలో ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి.

మొదటిది, మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న సెట్టు. లోపల నియాన్ బల్బు ఉన్న పిడి, దానికి బిగించుకునే నాలుగైదు పొడవాటి బ్లేడ్లు. అదే టెస్టరు, అదే స్క్రూడ్రైవర్.

రెండవది, పొట్టి బిట్ల సెట్టు. పిడి చివర ఆరు పలకల గూడు, అందులో అయస్కాంతం ఉంటాయి. బిట్టు అడ్డకొలత పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. పొడవు సాధారణంగా 25 మిల్లీమీటర్లు. కొన్నింటిలో ఒకవైపే తిరిగే రాచెట్ కూడా ఉంటుంది.

మూడవది, రెండు చివరలా మొనలుండి, తిరగేసి వాడుకునే కడ్డీల సెట్టు.

నాలుగవది, కడ్డీ పొడవునా ఇన్సులేషన్ ఉన్న బ్లేడ్లను మార్చుకునే సెట్టు. జర్మనీకి చెందిన వీహా, వేరా వంటి కంపెనీలు ఇలాంటివి చేస్తున్నాయి. ఖరీదు ఎక్కువ. మన పిల్లల బిల్లులలో ఇది ఇంతవరకు నాకు కనబడలేదు. కనుక ఇకపై మల్టీ బిట్ అన్నప్పుడల్లా మొదటి మూడు రకాల గురించే అని గ్రహించగలరు.

జమ వైపు

మల్టీ బిట్ సెట్టులో మంచి గుణాలు లేకపోలేదు.

1. సంచి బరువు తగ్గుతుంది. సైకిలు మీదో లోకల్ రైల్లోనో పనికి వెళ్లే కుర్రవాడికి, నిచ్చెన మీద ఒంటి చేత్తో పనిచేసేవాడికి ఇది చిన్న విషయం కాదు.

2. మొన అరిగితే ఆ బిట్టు ఒక్కటే మార్చుకోవచ్చు. విడి స్క్రూడ్రైవర్ మొన అరిగితే మొత్తం పనిముట్టే పోయినట్టు.

3. అరుదుగా వచ్చే స్క్రూలకు అక్కరకు వస్తుంది. మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, బయటి దేశాల పరికరాలు విప్పేటప్పుడు ఆరు రేకుల టార్క్స్ వంటి తలలు ఎదురవుతాయి. ఏడాదికి రెండుసార్లు వాడే మొనకు విడిగా ఒక స్క్రూడ్రైవర్ కొనడం దండగ.

4. అయస్కాంతం స్క్రూను పట్టి ఉంచుతుంది. తలపైన సీలింగ్‌లో లైటు బిగించేటప్పుడు స్క్రూ జారి కింద పడదు.

5. పొట్టి బిట్లను డ్రిల్లింగ్ మిషనుకు తగిలించి వాడుకోవచ్చు. రాచెట్ ఉంటే మణికట్టుకు శ్రమ తగ్గుతుంది.

ఇవన్నీ నిజమైన లాభాలే. అయితే ఇవన్నీ కరెంటు లేని చోట, స్క్రూ పైకి కనబడే చోట దక్కే లాభాలు. స్విచ్ బోర్డు మూత విప్పాక లెక్క మారుతుంది.

ఖర్చు వైపు

మొదటిది, అన్నిటికన్నా పెద్దది, పైకి తేలి ఉన్న ఇనుము. పొట్టి బిట్టు, దాన్ని పట్టే గూడు, కడ్డీ మొత్తం లోహమే. పిడి ఒక్కటే ప్లాస్టిక్. పని మీద ధ్యాసలో పట్టు కోసం చూపుడువేలు కడ్డీ మీదికి జారడం ఎవరికైనా జరిగేదే. హోసూరైనా బళ్లారైనా, బరంపురమైనా షోలాపూరైనా, యానామైనా ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల కరెంటే. చెమట పట్టిన శరీరానికి నిరోధం లెక్క కోసం 1000 ఓములు అనుకుంటే, ఒంట్లో ప్రవహించేది 230 మిల్లీ ఆంపియర్లు. ఇళ్లలో ప్రాణరక్షణకు పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ఆఫ్ కావాలని నిర్ణయించారంటే, 230 అంటే ఎంతో మీరే ఊహించుకోవచ్చు.

రెండవది, ఊడిపడే బిట్టు. అయస్కాంతం బిట్టును పట్టుకున్నంత మాత్రాన ఎప్పటికీ వదలదని కాదు. బిగుసుకున్న స్క్రూలో ఇరుక్కుని బిట్టు అక్కడే ఉండిపోవచ్చు, పిడి మాత్రం చేతిలోకి వస్తుంది. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో పక్కపక్కనే ఫేజులు, న్యూట్రల్ ఉంటాయి. ఆ మధ్యలో అంగుళం పొడవు ఇనుప ముక్క పడితే షార్ట్ సర్క్యూటే. ఆ మంట ముఖానికి, కళ్లకు తగులుతుంది.

మూడవది, లోపలికి దూరకపోవడం. కనెక్టర్ స్ట్రిప్పులు, స్విచ్చుల టెర్మినళ్లలో స్క్రూ తరచుగా సన్నని గొట్టం అడుగున ఉంటుంది. అక్కడికి 3 మిల్లీమీటర్ల సన్నని కడ్డీ సులువుగా వెళుతుంది. పొట్టి బిట్టు పలకలే 6 మిల్లీమీటర్ల పైన, దాన్ని పట్టుకున్న గూడు ఇంకా లావు. మొన అందక, స్క్రూ సగమే బిగిసి ఉండిపోతుంది. ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ సన్నని కడ్డీ స్క్రూడ్రైవర్‌ను వదలకపోవడానికి కారణం ఇదే.

నాలుగవది, కదులు. రెండు ముక్కలు కలిసినచోట కొంచెమైనా ఆట ఉంటుంది. చవక సెట్లలో బిట్ల ఉక్కు మెత్తన. నాలుగు రోజులకే మొన గుండ్రమై స్క్రూలో జారుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో డబ్బాలోని బిట్లకు తుప్పు కూడా త్వరగా పడుతుంది.

అయిదవది, నియాన్ బల్బు పిడికి రెండు ఉద్యోగాలు. టెస్టరు లోపల చాలా ఎక్కువ నిరోధం ఉన్న చిన్న రెసిస్టరు ఉంటుంది. కరెంటు దాని గుండా అతి స్వల్పంగా మన ఒంట్లోకి రావడం వల్లనే బల్బు వెలుగుతుంది, మనకు షాక్ తగలదు. అదే పిడితో బిగుసుకున్న స్క్రూలు తిప్పితే ప్లాస్టిక్ చిట్లుతుంది, లోపలి భాగాలు కదులుతాయి. తరువాత అది వెలగకపోతే కరెంటు లేదని అనుకుంటాం. ఆ పొరపాటుకు రెండో అవకాశం ఉండదు.

ఆరవది, పిడి ఒక్కటే కావడం. పిడి విరిగితే ముప్పై బిట్లూ మూలకు చేరతాయి. మేస్త్రీ, హెల్పరు కలిసి పనిచేసేటప్పుడు ఇద్దరికీ ఒకేసారి స్క్రూడ్రైవర్ కావాలంటే కుదరదు. ఇక రోజూ వాడే బిట్టే ముందుగా పోతుందన్నది పనివాళ్లందరూ చెప్పే మాట.

వదులు స్క్రూ విలువ ఎంత?

స్క్రూ కొంచెం వదులుగా ఉంటే ఏమవుతుందిలే అనుకునే విద్యార్థులు ఈ చిన్న లెక్క చూడగలరు. టెర్మినల్ దగ్గర వైరు సరిగా బిగియక 0.1 ఓము నిరోధం ఏర్పడిందనుకుందాం. గీజరు వంటి దానికి 16 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తే, అక్కడ పుట్టే వేడి 16 ఇంటూ 16 ఇంటూ 0.1, అంటే 25.6 వాట్లు. రేడియో రిపేరు చేసేవారు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. అంటే ఆ స్విచ్ బోర్డు లోపల సోల్డరింగ్ ఐరన్ వెలిగించి మూత బిగించినట్టే. ముందు ప్లాస్టిక్ రంగు మారుతుంది, తరువాత వాసన వస్తుంది, ఆ తరువాత మంట.

కనుకనే ఎంసీబీ తయారుచేసేవారు స్క్రూను ఎంత గట్టిగా బిగించాలో న్యూటన్ మీటర్లలో ఎంసీబీ మీద గానీ వెంట వచ్చే కాగితంలో గానీ ఇస్తారు. గాటులో సరిగ్గా కూర్చునే మొన ఉంటేనే ఆ బిగువు వస్తుంది. సరైన మొన అనేది వైరింగ్ పనిలో నాణ్యతకు సంబంధించినది, ఇంటివారి ప్రాణానికి కూడా సంబంధించినది.

1000 వోల్టుల గుర్తు

పిడి మీద ప్లాస్టిక్ ఉన్నంత మాత్రాన అది ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్ కాదు. కరెంటు పనికి తయారుచేసే చేతి పనిముట్లకు ఐఈసీ 60900 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఒకదానిలో ఒకటి దూరిన రెండు త్రిభుజాల గుర్తు, 1000 వోల్టులు అన్న రాత పనిముట్టు మీద ఉండాలి. ఇలాంటి పనిముట్లను 10,000 వోల్టుల దగ్గర పరీక్షిస్తారు. వీటిలో కడ్డీకి మొన వరకూ తొడుగు ఉంటుంది, కొద్ది మిల్లీమీటర్ల మొన మాత్రమే బయట ఉంటుంది.

మామూలు కడ్డీకి ఇన్సులేషన్ టేపు చుట్టుకుంటే సరిపోతుందని కొందరు అంటారు. సరిపోదు. టేపు జారుతుంది, చిరుగుతుంది, దానికి ఏ పరీక్షా జరగలేదు. అలాగే అసలు ఇన్సులేషన్ మీద గాటు పడినా, పగులు వచ్చినా ఆ స్క్రూడ్రైవర్‌ను కరెంటు పని నుంచి తప్పించాలి.

ఇంకొక మాట. 1000 వోల్టుల గుర్తు ఉంది కదా అని కరెంటు ఉన్న బోర్డులో చేయి పెట్టడానికి అది అనుమతి పత్రం కాదు. కరెంటు ఆపేశామని అనుకున్నప్పుడు ఎక్కడో లెక్క తప్పితే కాపాడే బీమా అది. బీమా ఉందని ఎవరూ ఇంటికి నిప్పు పెట్టుకోరు కదా!

డబ్బు లెక్క

ఇక ఆ తండ్రి అడిగిన అసలు సంగతికి వద్దాం. ధరలు ఊరికో రకంగా, కంపెనీకో రకంగా ఉంటాయి గనుక లెక్క పద్ధతి మాత్రం చెబుతాను. ఒక బిట్ల సెట్టు 300 రూపాయలు, అది రోజువారీ పనిలో ఏడాది నిలిచింది అనుకుందాం. మూడు విడి ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్లు కలిపి 900 రూపాయలు, అవి అయిదేళ్లు నిలిచాయి అనుకుందాం. మొదటిదానికి ఏడాదికి 300, రెండవదానికి ఏడాదికి 180. కామర్స్‌లో దీన్నే తరుగుదల లెక్క అంటాం. మీ ఊరి ధరలు అడిగి ఈ అంకెల చోట వేసుకుని చూడండి. కొన్న రోజు చవకగా కనబడినది వాడుకలో చవక కాకపోవచ్చు. డబ్బాలో ముప్పై బిట్లు ఉన్నా, ఎలక్ట్రీషియన్ రోజూ వాడేవి మూడో నాలుగో అన్న సంగతి కూడా మరవవద్దు.

ఎవరు ఏది కొనాలి?

ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడు విద్యార్థులు, అమ్మాయిలైనా అబ్బాయిలైనా, ఈ వరుసలో కొనుక్కుంటే మంచిది:

1. స్విచ్చు టెర్మినళ్లకు, కనెక్టర్లకు సన్నని కడ్డీ మైనస్, మొన వెడల్పు 3 లేక 3.5 మిల్లీమీటర్లు, ఇన్సులేటెడ్.

2. పెద్ద టెర్మినళ్లకు మైనస్, మొన వెడల్పు 5.5 లేక 6 మిల్లీమీటర్లు, ఇన్సులేటెడ్.

3. ప్లస్ రకం పీహెచ్2, ఇన్సులేటెడ్.

4. విడిగా ఒక నియాన్ టెస్టరు. దీన్ని స్క్రూలు తిప్పడానికి వాడకూడదు.

5. ఎంసీబీ, డిస్ట్రిబ్యూషన్ బోర్డు పనులు మొదలయ్యాక పీజెడ్2, ఇన్సులేటెడ్.

6. ఇవన్నీ సమకూరాక, చేతిలో డబ్బు మిగిలితే, ఒక మంచి మల్టీ బిట్ సెట్టు. దీన్ని మూతలు, క్లాంపులు, ఫ్యాన్ కప్పులు, కరెంటు తీగ ఊడదీసిన పరికరాలు విప్పడానికే వాడాలి.

కొనేముందు మీ ఇన్‌స్ట్రక్టరు ఇచ్చే జాబితా చూడండి. సిలబస్‌లోని పనిముట్ల పట్టికలో వేర్వేరు కొలతల ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్లు, నియాన్ టెస్టరు విడివిడిగానే ఉంటాయి. పిడిని చేత్తో పట్టుకుని చూసి కొనండి. చిన్న చేతికి లావు పిడి పట్టు చిక్కదు.

మొబైలు, కంప్యూటరు రిపేరు నేర్చుకునేవారి సంగతి వేరు. వారికి సన్నని మొనలు పది రకాలు కావాలి, బ్యాటరీ తీసేశాక పని చేస్తారు. వారికి బిట్ల సెట్టే సరైనది. ఇంజనీరింగ్ విద్యార్థులకు ప్రాజెక్టు పనికి కూడా అది చాలు. ఇంటి అవసరానికి ఒకటి ఉంచుకునే తల్లిదండ్రులకూ అభ్యంతరం లేదు, మెయిన్ ఆపి వాడినంతకాలం.

ఏ స్క్రూడ్రైవర్ పట్టినా తప్పనివి

మెయిన్ ఆఫ్ చేయండి. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే మెయిన్ ఆపినా కొన్ని లైట్లు, ఫ్యాన్ల తీగల్లో కరెంటు ఉంటుంది గనుక దాన్ని కూడా ఆపండి. వేరెవరూ తిరిగి ఆన్ చేయకుండా ఇంటివారికి చెప్పి, బోర్డు దగ్గర ఒక చీటీ అంటించండి.

తరువాత టెస్టరు పరీక్ష మూడు మెట్లలో చేయండి. ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి టెస్టరు వెలుగుతోందో లేదో చూడండి. తరువాత పనిచేసే చోట పెట్టండి. మళ్లీ మొదటి చోట పెట్టి చూడండి. ఎండలో నియాన్ వెలుగు కనబడదు, ఎండు చెక్క నిచ్చెన మీద నిలబడితే సరిగా వెలగకపోవచ్చు. కనుక ఆ ఒక్కదాన్నే నమ్మక, మల్టీమీటరు ఉంటే దానితో ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య, ఫేజుకు ఎర్తుకు మధ్య కూడా చూసుకోవడం మంచిది.

స్క్రూడ్రైవర్‌ను ఉలిగా, సుత్తి దెబ్బకు వాడకండి. మొన వంగినదాన్ని, పిడి చిట్లినదాన్ని దాచుకోకండి.

చివరగా బిల్లుల గురించి ఒక మనవి. “టూల్ కిట్టు ఒకటి” అని ఒకే వరుసలో బిల్లు రాయించవద్దు. ఒక్కో వస్తువు పేరు, కొలత, ధర విడివిడిగా రాయించండి. అలా రాయించేటప్పుడు దుకాణదారు వస్తువును చూపించక తప్పదు, మీరు గుర్తు చూడక తప్పదు. కమిటీకి మంజూరు చేయడం కూడా సులువవుతుంది.

తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇంతే. మీ బిడ్డ సంచిలో ఎన్ని రకాల మొనలున్నాయన్నది ముఖ్యం కాదు. రోజూ వాడే ఆ మూడూ సరైనవి అయితే చాలు, బిడ్డ క్షేమంగా సాయంత్రం ఇల్లు చేరతాడు, చేరుతుంది. పనిముట్ల సాయం కోరే విద్యార్థులు పైన చెప్పిన వరుసను మనసులో పెట్టుకుని జాబితా పంపగలరు. ఈ ఏడు ట్రేడులో చేరిన పిల్లలందరికీ శుభాశీస్సులు.